సర్వర్ గది బయట తడిగోడ

ఆస్పత్రిలో అందరూ ఆమెను డిస్కక్క అనేవాళ్ళు. పొద్దున్నే వచ్చి, సర్వర్ గది బయట చెప్పులు విప్పి, మేకుకు తగిలించిన ఉన్ని కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళేది. లోపల ఎండాకాలంలో కూడా వేళ్ళు కొంకర్లు పోయేంత చలి. తెర మీద అన్నీ పచ్చగా కనబడుతున్నా సరే, రోగుల వివరాలన్నీ దాచే డిస్కులున్న బీరువాకి చెవి ఆనించి కాసేపు వినందే ఆమెకు కుర్చీలో కూర్చోబుద్ధయ్యేది కాదు. "చంటిపిల్లా ఏంటమ్మా, నిద్రలో ఊపిరి చూసుకోవడానికి?" అని పెద్దసారు వెక్కిరించేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది.

గది బయట వరండాలో, తలుపు పక్క గోడకి చెమట పట్టేది. ఆ చెమట అక్షరాల్లా పట్టేది. డిస్కు రాయలేక వదిలేసినవన్నీ అక్కడ తేలేవి. సగం పేరు, ఒక మంచం నంబరు, ఎవరిదో పుట్టిన తేదీ, ఏదో మందు. రోజూ ఉండేవి కావు. ఉన్న రోజున ఆయమ్మ రబ్బరు తొడుగులు వేసుకుని, కర్రకు గుడ్డ చుట్టి తుడిచి, ఆ నీళ్ళు పారబోసేది. తొడుగులు ఎందుకంటే, ఆ తడి ఎవరి ఒంటికి ముందు తగిలితే వాళ్ళకే అంటుకునేది. కాపలా అన్న ఒకసారి నడుం నొప్పెడుతోందని ఆ గోడకు చేరగిలబడ్డాడు. చొక్కా ఆరేలోపే ఆయనకు గుడ్డు పడకుండా పోయింది. పిల్లల వార్డులో గుడ్డు ముట్టుకుంటే చాలు దద్దుర్లు లేచే ఒక పాప, ఆ మధ్యాహ్నమే గుడ్డు తిని ఇంకోటి కావాలని పేచీ పెట్టింది. కాపలా అన్న తన కుర్చీని అవతలి గోడ వైపు జరుపుకున్నాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

డిస్కక్కకి ఒక తమ్ముడు. లిఫ్టుల మెకానిక్. "జనాన్ని పైకి పంపించడమే నా ఉద్యోగం" అని తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్పి నవ్వించేవాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాక కూడా ఆ మాట మానలేదు, కాకపోతే వినేవాళ్ళే నవ్వడం మానేశారు. రోజు విడిచి రోజు అక్క పనిచేసే ఆస్పత్రికే వచ్చి, రెండో అంతస్తులో డయాలిసిస్ కుర్చీలో పడుకునేవాడు. అక్క రక్తం అతనికి సరిపడదని పరీక్షల్లో తేలింది. అమ్మకి చక్కెర జబ్బు. ఇక మిగిలింది వరుస. చనిపోయిన వాళ్ళ కిడ్నీ ఎక్కడైనా దొరికితే, ఎవరి వంతైతే వాళ్ళకి. ఆ వరుస ఉండేది డిస్కక్క సర్వర్లోనే.

మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని ఆమె పైకి వెళ్ళేది. పక్క కుర్చీలో ఒక అమ్మాయి ఉండేది. ఈత నేర్పేది, అందుకని తమ్ముడు ఆమెకు ఈతమ్మాయి అని పేరు పెట్టాడు. రోజంతా నీళ్ళలో ఉండే మనిషికి, జబ్బు వచ్చాక రోజుకి రెండు గ్లాసులకు మించి తాగొద్దన్నారు. మంచు ముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగిపోకుండా మాట్లాడడం నేర్చుకుంది.

"అక్కా, నీ మెషీను పొద్దస్తమానం ఏం చేస్తుంది?" అని ఒకరోజు తమ్ముడు అడిగాడు.

"డాక్టరు ఏదైనా టైపు చేసి సేవ్ నొక్కుతుందా, వెంటనే రాసేశాను అంటుంది. నిజానికి అప్పటికింకా రాయదు. మెమరీలో పెట్టుకుంటుంది. తీరిక చూసుకుని డిస్కులో రాస్తుంది."

"అబద్ధం కదా మరి?"

"అబద్ధమని కాదు. ఎలాగూ రాస్తాను కదా అని ధీమా."

"అర్థమైంది. అమ్మ ఫోన్ చేసి తిన్నావా అంటే, ఆ తిన్నానమ్మా అనేసి, ఫోన్ పెట్టేశాక డబ్బా మూత తీస్తాను చూడు, అదే."

"అచ్చం అదే. ఈలోపు డబ్బా కింద పడిపోయిందనుకో?"

"పస్తు. అమ్మకేమో నేను తిన్నట్టే."

ఈతమ్మాయి మంచు ముక్కను అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చుకుంది. "మరి నిజంగా తిన్నాడో లేదో తెలుసుకోవాలంటే ఎలా అక్కా?"

"దానికో ఆజ్ఞ ఉంది. సింక్ అంటాం. నీ దగ్గరున్నదంతా ఇప్పుడే డిస్కులో పెట్టు, పెట్టాకే నాకు జవాబు చెప్పు అని పీక మీద కూర్చోవడం. దానికి మాత్రం అబద్ధం ఆడదు."

ఆమె అలాగే నమ్మేది. 

ఆ చలికాలంలో తమ్ముడికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అది తగ్గేదాకా ఆపరేషన్ కుదరదని, వరుసలో అతని పేరు పక్కన 'ఆపాం' అని పెట్టారు. నెలలు పట్టినా నిమ్ము తగ్గింది. డాక్టరమ్మ గుండెల మీద స్టెతస్కోపు అటూ ఇటూ జరిపి విని, "ఇక బెంగలేదు" అని, అతని ముందే 'ఆపాం' తీసేసి 'సిద్ధం' అని మార్చి సేవ్ నొక్కింది. తమ్ముడు మంచం దిగుతూనే అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, మళ్ళీ నన్ను లైన్లో నిలబెట్టారే!"

ఫోన్ ఇంకా చెవి దగ్గరుండగానే డిస్కక్క తెర మీద ఎర్రటి గీత ఒకటి కనబడింది. రాయడంలో లోపం. ఆమె సింక్ కొట్టింది. కుదరలేదంది. లేచి బీరువా వెనక్కి వెళ్ళి, వదులైన తీగ ఒకటి గట్టిగా లోపలికి నొక్కి, మళ్ళీ వచ్చి రెండోసారి సింక్ కొట్టింది. ఈసారి సరే అంది. అయినా ప్రాణం ఊరుకోక తమ్ముడి పేజీ తెరిచి చూసుకుంది. 'సిద్ధం' అనే ఉంది. హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పింది. అమ్మ ఆ సాయంత్రమే ఒక సంచిలో అతని బట్టలు, తువ్వాలు, దువ్వెన సర్ది గుమ్మం పక్కన పెట్టింది, పిలుపు వస్తే వెతుక్కోకూడదని.

జరిగింది ఇది. డిస్కు రాయను పొమ్మంటే, ఆ సంగతిని మెషీను మొదట అడిగినవాళ్ళకి ఒక్కసారి చెబుతుంది. చెప్పాక తన బాధ్యత తీరిపోయిందనుకుంటుంది. చేతిలో ఉన్నదాన్ని రాసేసిన వాటిలోకి నెట్టేసి చేతులు దులుపుకుంటుంది. రెండోసారి అడిగితే, రాయాల్సింది ఇంకేమీ మిగల్లేదు గనక, అమాయకంగా సరే అంటుంది. మెమరీలో ఉన్న మాట మెమరీలో ఉంటుంది గనక, ఎవరు చూసినా తెర మీద 'సిద్ధం' అనే కనబడుతుంది. ఇదంతా డిస్కక్కకి ఆ తర్వాత తెలిసింది.

శనివారం సర్వర్‌ని మామూలుగా ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. మెమరీ ఖాళీ అయింది. డిస్కులో ఉన్న పాత మాటే పైకి వచ్చింది. ఆదివారం ఒక కిడ్నీ వచ్చింది.

సోమవారం క్యాంటీన్లో, వరుస చూసుకునే మేడమ్ టీ గ్లాసు పట్టుకుని డిస్కక్క పక్కన కూర్చుంది. "మీ తమ్ముడికి నిమ్ము ఇంకా తగ్గలేదా? పాపం, అతను సిద్ధంగా ఉండుంటే నిన్న అతనిదే వంతు. ఆ ఈత నేర్పే అమ్మాయికి వెళ్ళింది."

డిస్కక్క చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. లేచి మెట్లన్నీ దిగి వరండాలోకి వచ్చింది. గోడ పొడిగా ఉంది. ఆయమ్మ అక్కడే బకెట్ కడుగుతోంది.

"ఆయమ్మా, పోయిన వారం ఇక్కడ మా తమ్ముడి పేరేమైనా కనిపించిందా?"

"కనిపించిందమ్మా. పేరు, పక్కన సిద్ధం అని. గుండ్రంగా, ముచ్చటగా తేలింది. తుడిచేశాను." ఆయమ్మ ఆమె మొహం చూసి బకెట్ కింద పెట్టింది. "రోజూ తుడిచేదే కదమ్మా. తుడవకూడదా?"

డిస్కక్క ఒంగి బకెట్లోకి చూసింది. ఖాళీగా ఉంది.

పెద్దసారు గదికి వెళ్ళి, ఆ బీరువా మార్చకపోతే ఇంకెవరికైనా ఇలాగే అవుతుందని చెప్పింది. పెద్దసారు మంచివాడే. పక్కనున్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తన తెర ఆమె వైపు తిప్పాడు. "చూడమ్మా, నేనడిగితే అంతా బాగానే ఉందంటోంది."

"ఒక్కసారే చెబుతుంది సార్. మొదట అడిగినవాళ్ళకే. తర్వాత ఎవరడిగినా బాగానే ఉందంటుంది."

"మొదట అడిగింది ఎవరు మరి?"

 ఆయన వెంటనే ఆ మాట అన్నందుకు నొచ్చుకుని, నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. బీరువా మాత్రం మారలేదు.

తమ్ముడికి ఆ రోజే చెప్పింది. "రెండోసారి అడిగానురా. సరే అంది. నమ్మాను" అని చెబుతూ డబ్బా మూత తీయలేక తంటాలు పడింది. తమ్ముడు డబ్బా ఆమె చేతిలోంచి తీసుకుని తనే మూత తీశాడు. చాలాసేపు తినకుండా దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"పోన్లే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకి పోలేదుగా" అన్నాడు చివరికి.  "అమ్మకి చెప్పకు."

అమ్మ ఫోన్‌ని స్నానాల గదిలోకి కూడా తీసుకెళ్ళేది. గుమ్మం పక్కనున్న సంచిలో బట్టలు ముక్క వాసన వస్తాయని అప్పుడప్పుడు తీసి ఎండలో వేసి, మడతలు పెట్టి, మళ్ళీ సర్దేది. 

ఈతమ్మాయి కుట్లు ఆరాక ఒకరోజు డయాలిసిస్ గదికి వచ్చింది. ఎవరో చెప్పేసినట్టున్నారు. గుమ్మంలోనే నిలబడి ఏడుస్తోంది, లోపలికి రావడం లేదు.

"రా, కూర్చో," అన్నాడు తమ్ముడు.

"నాకు తెలీదన్నా. ఒట్టు. నిజంగా తెలీదు."

"నీకెలా తెలుస్తుంది? అక్కా, ఆ సీసా ఇటివ్వు." మంచినీళ్ళ సీసా తీసుకుని ఈతమ్మాయి చేతిలో పెట్టాడు. "తాగు. మొత్తం తాగు. ఎలా ఉంటుందో మర్చిపోయాను, చూడాలనుంది."

ఈతమ్మాయి ఏడుస్తూనే తాగింది. గుటక గుటకకీ గొంతు కదలడాన్ని తమ్ముడు కళ్ళార్పకుండా చూశాడు. సీసా ఖాళీ అయ్యాక నాలుకతో తన పెదాలు తడుపుకున్నాడు.

డిస్కక్క ఆ తర్వాత సర్వర్ పద్ధతి మార్చేసింది. లోపం అని ఒక్కసారి వినబడితే చాలు, రెండోసారి అడగడం లేదు. అక్కడికక్కడ అంతా ఆగిపోవాలి. ఆగిపోగానే ఆమె బయటికి వచ్చి గోడ మీదున్నది చదువుకుని, లోపలికి వెళ్ళి మెషీన్లోకి మళ్ళీ ఎక్కించేది. ఆమె చదివేదాకా ఆయమ్మ గుడ్డ ముట్టుకునేది కాదు. అలా ఎందరివో మందులు, ఎందరివో తేదీలు దక్కాయి. వాళ్ళకెవరికీ ఆ సంగతి తెలియదు. డిస్కక్కకి అందులో సంతోషమూ లేదు. ఎక్కించిన ప్రతి పేరూ ఆమెకు ఒకే ఒక్క పేరును గుర్తుచేసేది.

తమ్ముడికి వరుసలో మళ్ళీ 'సిద్ధం' పెట్టారు గానీ కిడ్నీ రాలేదు. ఎదురుచూపుల్లో గుండె పాడైంది. కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో పట్టడం మానేశాయి. డాక్టరమ్మ డిస్కక్కని పక్కకి పిలిచి, ఇప్పుడు కిడ్నీ దొరికినా అతని గుండె మత్తుమందుకి ఆగదని, పేరు తీసేయక తప్పదని చెప్పింది. తీసేసింది. ఈసారి ఆ మాట మొదటిసారికే డిస్కులో చక్కగా పడింది. బీరువా చిన్న చప్పుడు కూడా చేయలేదు.

డయాలిసిస్ మాత్రం నడిచింది. అది అయ్యాక తమ్ముడు చేతి కర్ర ఊతంతో కిందికి వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చునేవాడు. అక్క పని ముగించుకుని వస్తే ఇద్దరూ కలిసి బస్సెక్కేవాళ్ళు. ఒకరోజు అలా కూర్చున్నప్పుడు అన్నాడు, "అక్కా, నాకు విసుగొచ్చింది. జబ్బు మీద కాదు. పొద్దున్నే లేచి, ఇవాళ బాగానే ఉందమ్మా అని మొహం పెట్టడం మీద." డిస్కక్క అతని కర్ర తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. 

వానాకాలం మొదట్లో ఈతమ్మాయిని మళ్ళీ ఆస్పత్రిలో చేర్చారు. రక్తంలోకి విషం పాకిందన్నారు. మూడో అంతస్తులో ఊపిరి మిషను పెట్టారు. తమ్ముడు మెట్లెక్కలేడు గనక, కుర్చీ బండిలో తీసుకెళ్ళమని అక్కని బతిమాలి, అద్దం తలుపు బయట నుంచి చూసొచ్చాడు. "ఆ కిడ్నీ ఇంకా పనిచేస్తోందట అక్కా. నర్సు చెప్పింది. మిగతావన్నీ మొరాయిస్తున్నాయి, అదొక్కటే పనిచేస్తోందట." దారంతా అదే చెప్పాడు.

ఆ మర్నాడు కాక మరుసటి రోజు, మధ్యాహ్నం, సర్వర్ ఆగిపోయింది. తెర మీద ఎర్రగీత. వార్డుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అక్కా, తెర కదలట్లేదు." "డిస్కక్కా, బిల్లు మధ్యలో ఆగింది." ఒక్కొక్కరికీ సర్దిచెప్పి ఆమె బయటికి వచ్చేసరికి ఆలస్యమైంది.

ఆయమ్మ వరండా చివర కర్ర పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. తమ్ముడు బల్ల మీద లేడు. గోడ దగ్గర నేల మీద చతికిలబడి, కుడి అరచెయ్యి గోడకి ఆనించి ఉన్నాడు. తడి అతని మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. అరచేతి చుట్టూ గోడ పొడిగా, తెల్లగా ఉంది.

"ఏముందిరా అక్కడ?"

"ఇప్పుడేం లేదుగా."

"ముందేముందో చెప్పు."

తమ్ముడు చెయ్యి తీసి చూసుకున్నాడు. "ఈతమ్మాయి పేరు. పక్కన టైము. టైము పక్కన చనిపోయింది అని."

డిస్కక్క అతని ముందు కూలబడి, ఆ చేతిని తన కోటుతో తుడవడం మొదలుపెట్టింది. తోలు ఊడేలా రుద్దింది. అరచెయ్యి ఎర్రబడింది గానీ తుడవడానికి అందులో తడి లేదు.

"వదిలెయ్యక్కా. ఇంకిపోయింది."

"నేనొస్తున్నానుగా! ఒక్క నిమిషం ఆగలేకపోయావా?"

"నువ్వొస్తే చదివి మళ్ళీ మెషీన్లోకి ఎక్కించేస్తావు. నీ ఉద్యోగమే అదాయె. అందుకే తొందరపడ్డాను." అతను ఆయాసపడుతూ గోడకి తల ఆనించాడు. "నాకెలాగూ రేపో మాపో కదా. ఆ అమ్మాయికి కాదు. ఆ కిడ్నీకి అసలే కాదు."

"అమ్మకేం చెప్పాలిరా నేను?"

 అంతదూరం ఆలోచించుకోలేదని తమ్ముడి మొహంలోనే తెలిసింది.

పైనుంచి మెట్ల మీద పరుగు వినబడింది. ఒక నర్సు ఊపిరి అందక రెయిలింగు పట్టుకుని, "డాక్టరుగారెక్కడ? ఎవరైనా చూశారా?" అని కేకేసింది.

"ఏమైందమ్మా?" అంది ఆయమ్మ.

"మూడో అంతస్తు అమ్మాయి. దుప్పటి కప్పేశాం. తీసేసుకుంది. దాహమంటోంది."

"ఇవ్వండి మరి," అన్నాడు తమ్ముడు కింద నుంచి. నర్సు అతని మాట వినకుండానే పరిగెత్తింది.

అక్కా తమ్ముడూ ఎప్పటిలాగే బయటికి నడిచారు. డిస్కక్క కోటు విప్పడం మర్చిపోయింది. ఆగిపోయిన సర్వర్‌ని అలాగే వదిలేసి వచ్చింది, ఎన్ని ఫోన్లు మోగినా చూసుకోలేదు. వాన వెలిసి రోడ్డు మెరుస్తోంది. బస్సులో కిటికీ పక్క సీటు తమ్ముడికిచ్చి, అతని చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. అతను కిటికీలోంచి ఎత్తైన మేడలు చూస్తూ, ఏది తను బిగించిన లిఫ్టో, ఏది ఎక్కడ కీచుమంటుందో చెబుతూ వచ్చాడు. ఒక మేడ దగ్గర, "దీన్లో మాత్రం ఎక్కకక్కా, నేనే సరిగ్గా చెయ్యలేదు" అని నవ్వాడు. ఆ తర్వాత వంతెన దాటేటప్పుడు ఆమె భుజం మీద తల వాల్చాడు. వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆమె లేవలేదు.

చివరి స్టాపులో అందరూ దిగిపోయాక డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "అమ్మా, ఇదే ఆఖరు. ఆయన్ని లేపండి."

డిస్కక్క తల తిప్పలేదు. తిప్పితే భుజం కదులుతుంది. "ఇంకాసేపు ఉండనివ్వన్నా," అంది.

డ్రైవరు ఏమనుకున్నాడో, సరేనని దిగి టీ తాగడానికి వెళ్ళాడు. కాసేపటికి బస్సు తిరిగి వెళ్ళే వేళయింది. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఎవరో పెద్దావిడ ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ వచ్చి వాళ్ళ వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో వాలి ఉన్న తలను చూసి, పాపం మనిషి నిద్రపోతున్నాడని, గొంతు తగ్గించింది.